గిడుగు వెంకట రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (1863 ఆగస్టు 29 - 1940 జనవరి 22) తెలుగు భాషావేత్త, చరిత్ర అధ్యాపకుడు, సవర భాషకు వ్యాకరణాన్ని, నిఘంటువును సమకూర్చిన పండితుడు. వాడుక భాషా ఉద్యమ పితామహుడుగా తెలుగువారందరికీ పరిచితుడు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. ఆయనను తలచుకున్నప్పుడు గ్రాంథికవాదులతో చేసిన వాగ్యుద్ధాలే ముందుగా గుర్తుకు వస్తాయి గానీ, ఆ యుద్ధం మొదలయినది కావ్యాల గురించి కాదు. పిల్లలకు చదువు ఎందుకు అబ్బటం లేదు, చెప్పే పద్ధతిలో లోపం ఎక్కడ ఉన్నది అన్న ఉపాధ్యాయుడి ప్రశ్నతో అది మొదలయింది. పర్లాకిమిడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి వేసిన ప్రశ్న అది.

బాల్యము, చదువు

రామమూర్తి శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార తీరంలోని ముఖలింగ క్షేత్రానికి దగ్గరగా ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించాడు. ఆ ప్రాంతం అప్పటి గంజాం జిల్లాలోనిది. తండ్రి వీర్రాజు రెవెన్యూ శాఖలో సముద్దారు. తల్లి వెంకమ్మ. తండ్రికి చోడవరం బదిలీ కావటంతో రామమూర్తి ప్రాథమిక విద్య అక్కడే సాగింది. 1875లో తండ్రి మరణించాడు. అటుపిమ్మట మేనమామ ఇంట ఉంటూ విజయనగరం మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో చదువుకున్నాడు. అక్కడ గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. ఈ ఇద్దరి స్నేహం 1915లో గురజాడ మరణించేవరకు నిలిచింది.

1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయిన రామమూర్తికి అదే సంవత్సరం వివాహం జరిగింది. పై చదువులకు తాహతు లేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పై రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడుగా చేరి, మొదటి ఫారం విద్యార్థులకు చరిత్ర చెప్పసాగాడు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1894లో బి.ఏ. మొదటి భాగం, 1896లో చరిత్ర ప్రధానాంశంగా రెండవ భాగం పూర్తిచేశాడు. అంటే పట్టభద్రుడు కావటానికి పదహారేళ్ళు పట్టిందన్న మాట. ఈలోగా రాజావారి ఉన్నత పాఠశాల కళాశాల స్థాయికి ఎదిగింది. మద్రాసు విశ్వవిద్యాలయ పరీక్షలకు విద్యార్థులను తయారుచేసే తరగతులకు పాఠాలు చెప్పే యోగ్యత రామమూర్తికి ఆ పట్టాతో లభించింది. 1911లో పదవీ విరమణ చేసేవరకు పర్లాకిమిడిలోనే అధ్యాపకుడుగా ఉన్నాడు.

శాసనాల పఠనము

చరిత్ర చెప్పే అధ్యాపకుడికి పాఠ్యపుస్తకం ఒక్కటే ఆధారం కావటం ఆ రోజులలో పరిపాటి. రామమూర్తి ఆ హద్దు దాటాడు. పుట్టిన ఊరికి చేరువలో ఉన్న ముఖలింగ దేవాలయాల గోడలమీద అనేక శాసనాలు ఉన్నాయి. వాటిని చదవటం నేర్పేవారు దగ్గరలో ఎవరూ లేరు. ప్రాచీన లిపులను గురించిన పుస్తకాలు తెప్పించుకొని, అక్షరాలను ఒక్కొక్కటిగా స్వయంగా నేర్చుకొని, ఆ శాసనాలను చదివి చారిత్రక విశేషాలు సేకరించాడు.

ఈ సంగతి ఆయన జీవితంలో చిన్న అధ్యాయంలా కనిపించినా, తరువాతి వాదాలకు మూలం ఇక్కడే ఉన్నది. వ్యాకరణం ఏమి చెప్పినదన్నది ఒకటి, జనం వ్రాసినది ఏమిటన్నది మరొకటి. శాసనాలలోని తెలుగు ఏ వ్యాకరణ సూత్రానికీ పూర్తిగా లొంగదు. లక్షణం కంటె ముందు లక్ష్యాన్ని చూడటం ఆయనకు ఇక్కడ అలవాటయింది.

సవర భాష

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకుగానీ ఒడియాకుగానీ చుట్టం కాదు. ముండా భాషలలో ఒకటైన సవర ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబానికి చెందినది. కొండ దిగి సంతకు వచ్చే సవరలు షావుకార్ల లెక్కలలోను, కచేరీ కాగితాలలోను మోసపోవటం ఆ ప్రాంతంలో అందరూ ఎరిగినదే. వారికి చదువు చెప్పాలన్న కోరిక రామమూర్తికి కలిగింది. ఏ భాషలో చెప్పాలన్నది వెంటనే ఎదురయిన ప్రశ్న.

తెలుగు బడిలో వారిని కూర్చోబెట్టటం తేలిక. అప్పటివరకు తలపెట్టినవారు చేసినదీ అదే. రామమూర్తి దారి వేరు. ముందు తానే విద్యార్థి అయ్యాడు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంటిలోనే ఉంచుకొని ఆ భాష నేర్చుకోవటం మొదలుపెట్టాడు. సవర గ్రామాలకు తిరిగి పదాలు, పాటలు, కథలు సేకరించాడు. సవరలను అస్పృశ్యులుగా చూసే రోజులలో ఒక బ్రాహ్మణ గృహస్థు వారిని ఇంట ఉంచుకోవటం ఊరిలో ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. తరువాత సవర భాషలో వాచకాలు తయారుచేసి, సొంత ఖర్చుతో బడులు పెట్టి, అధ్యాపకులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించాడు. మద్రాసు ప్రభుత్వం ఈ కృషిని మెచ్చి పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్ముతో సవరల కోసం బడి పెట్టవలసిందిగా కోరాడని చెబుతారు.

ఇక్కడ ఆయనకు ఎదురయిన సాంకేతిక సమస్య ఒకటి చెప్పుకోవాలి. సవరలో కంఠమూలంలో గాలిని ఆపి పలికే ధ్వని ఉన్నది. తెలుగు అక్షరాలతో దానిని వ్రాయటానికి వీలు లేదు. అచ్చులలోని భేదాలు కూడ తెలుగు గుణింతానికి అందవు. అందుచేత ఆయన పాశ్చాత్య దేశాలలో అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్న ధ్వనిశాస్త్రాన్ని ఆశ్రయించి, ధ్వనికొక గుర్తు వాడే పద్ధతిని అనుసరించాడు. నేడు భాషావేత్తలు వాడే అంతర్జాతీయ ధ్వనిలిపి కూడ బడిపంతుళ్ళ అవసరం నుండి పుట్టినదే. 1886లో పారిస్‌లో పాల్ పాసీ నాయకత్వాన ఆ సంఘాన్ని స్థాపించినవారు ఫ్రెంచి, ఆంగ్ల భాషోపాధ్యాయులు. చెవికి వినిపించే భాషను ముందు నేర్పి, పుస్తక భాషను తరువాత నేర్పాలన్నది వారి సిద్ధాంతం. జర్మనీలో విల్‌హెల్మ్ ఫియెటోర్ 1882లోనే ఈ వాదం లేవదీశాడు. ఇంగ్లండులో హెన్రీ స్వీట్ 1899లో భాషాబోధనపై పెద్ద గ్రంథమే వ్రాశాడు. పర్లాకిమిడి వంటి మారుమూల పట్టణంలో ఉన్న రామమూర్తి ఇంచుమించు అదే కాలంలో, సవర పిల్లల బడిలో, అదే నిర్ణయానికి చేరుకున్నాడు.

ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలలో సవరల గురించిన భాగానికి రామమూర్తి ఇచ్చిన సమాచారం ఎంతో ఉపయోగపడింది. ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ఆంగ్లంలో ప్రచురించింది. సవర-ఆంగ్ల నిఘంటువు 1930లలోనే వెలువడింది. పెద్దకుమారుడు గిడుగు సీతాపతి ఈ పనిలో తండ్రికి తోడ్పడి, ఆయన తరువాత కూడ కొనసాగించాడు. వెరియర్ ఎల్విన్ సవరల మతాన్ని గురించి 1955లో వెలువరించిన గ్రంథానికి ముందే వారి భాషను గురించి ఇంత సామగ్రి సిద్ధమై ఉన్నది.

ఈ పనికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. మన్యంలో తిరిగినందువలన మలేరియా పట్టుకున్నది. దానికి మితిమీరి వాడిన క్వినైన్ వలన వినికిడి దెబ్బతిన్నది. చెవినే సాధనంగా చేసుకున్న భాషావేత్తకు చెవే పోయింది. తరువాతి కాలపు సభలలో ప్రత్యర్థుల వాదం ఆయనకు సరిగా వినపడేది కాదు.

తెలుగు బోధన సమస్య

సవర పిల్లవాడికి సవరలో చెబితే చదువు వస్తున్నది. మరి తెలుగు పిల్లవాడికి తెలుగులో చెప్పినా ఎందుకు రావటం లేదు? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఆనాటి తెలుగు బోధన ఎలా ఉండేదో తెలుసుకోవాలి.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పండితుడైన పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణాన్ని ప్రచురించాడు. బడులలో వ్రాయవలసిన వచనానికి ఇవే ప్రమాణాలయ్యాయి. ఆ ప్రమాణం పద్యకావ్యాల నుండి తీసినది. పిల్లవాడు ఇంటిలో చేస్తున్నాడు అంటాడు, బడిలో చేయుచున్నాఁడు అని వ్రాయాలి. వాడు అన్న మాటలో డకారానికి ముందు అరసున్న పెట్టాలి. గుర్రంలో బండిర ఎక్కడ వస్తుందో గుర్తుంచుకోవాలి. అరసున్నను పలికేవారు నాటికి ఎవరూ లేరు. మామూలు రేఫకు, బండిరకు ఉచ్చారణలో భేదం పోయి శతాబ్దాలయింది. వినపడని తేడాను కంఠస్థం చేయటం తప్ప గత్యంతరం లేదు. సంధులు, ద్రుతకార్యాలు సరేసరి. వీటిలో ఏది తప్పినా మార్కులు పోయేవి. విషయం తెలిసిన విద్యార్థి కూడ భాష తప్పుతుందన్న భయంతో నాలుగు వాక్యాలు సొంతంగా వ్రాయలేకపోయేవాడు.

విచిత్రమేమంటే ఆ పాఠం చెప్పే పండితుడు వివరణ ఇచ్చేది వాడుక మాటలలోనే. జవాబు మాత్రం మరొక భాషలో కోరేవాడు.

1907లో జె.ఎ.యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తరకోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. చిన్నతరగతుల పుస్తకాలు ఏ భాషలో ఉండాలి, వాడుక భాషలోనా, కావ్యభాషలోనా అన్న సందేహం ఆయనకు కలిగింది. విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి.శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. ఆయన గురజాడ, గిడుగుల పేర్లు చెప్పాడు. ఈ నలుగురి సమావేశం నుండే వాడుక భాషా ఉద్యమం ఆరంభమయింది. నలుగురిలో ముగ్గురు బోధనవృత్తితో నేరుగా సంబంధం ఉన్నవారు, నాలుగవవాడైన గురజాడ కూడ విజయనగరం కళాశాలలో పాఠాలు చెప్పినవాడే. వీరెవ్వరూ తెలుగు పండిత పదవిలో ఉన్నవారు కారు. తమ పరిధి దాటి వచ్చారన్న కోపం పండితులకు కలగటంలో ఆశ్చర్యం లేదు.

యేట్స్ ఆంగ్లాన్ని ప్రత్యక్ష పద్ధతిలో, అనగా అనువాదం లేకుండా మాటల ద్వారా నేర్పటాన్ని ప్రోత్సహించాడు. పరాయిభాషనే మాటతో మొదలుపెట్టి నేర్పుతుండగా, సొంత భాషను మాత్రం ఎవరూ మాట్లాడని రూపంతో మొదలుపెట్టటం ఏమి న్యాయమన్నది రామమూర్తి వాదంలోని ప్రధానాంశం. ఆంగ్ల విద్యార్థి ముందుగా తన కాలపు ఆంగ్లం నేర్చి తరువాత చాసర్‌ను చదువుతాడు. చాసర్ భాషలో పరీక్ష వ్రాయమని అతనిని ఎవరూ అడగరు. తెలుగులోనూ నన్నయ, తిక్కనలను చదవటం వేరు, వారి భాషలో వ్రాయటం వేరు.

ఆయన వాదాన్ని అపార్థం చేసుకున్నవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నోటికి వచ్చినదెల్లా వ్రాయవచ్చునని ఆయన అనలేదు. చదువుకున్నవారు నలుగురిలో మాట్లాడే శిష్టవ్యావహారికమే ఆయన కోరిన ప్రమాణం. ప్రాచీన కావ్యాలను చదవవద్దని కూడ అనలేదు. వాటిని ఆయన చదివినంత శ్రద్ధగా చదివినవారు ప్రత్యర్థులలో కొద్దిమందే.

పరీక్షల వివాదము

ఉద్యమం వేడెక్కినది పరీక్షల దగ్గర. 1912-13లో స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని గ్రాంథికంలో గాని, వాడుక భాషలో గాని వ్రాయవచ్చునని ఉత్తర్వు వెలువడింది. సెట్టి లక్ష్మీనరసింహం గ్రీకు పురాణ కథలు, వేదం వేంకటాచలయ్య విధిలేక వైద్యుడు పాఠ్యపుస్తకాలయ్యాయి.

పండితులలో పెద్ద కలవరం పుట్టింది. జయంతి రామయ్య పంతులు ప్రోద్బలంతో 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్య పరిషత్తు గ్రాంథికానికి కోటగా నిలిచింది. వేదం వేంకటరాయశాస్త్రి వంటి మహాపండితులు ఆ పక్షాన చేరారు. తన నాటకాలలో పాత్రోచితంగా వాడుక మాటలు వాడిన వేంకటరాయశాస్త్రి పాఠ్యపుస్తకాల దగ్గరకు వచ్చేసరికి అటు నిలవటం గమనింపదగినది. గ్రాంథికవాదుల భయం కూడ ఊరికే పుట్టినది కాదు. వాడుక భాష జిల్లాకొక తీరుగా ఉంటుంది, దేనిని ప్రమాణంగా తీసుకోవాలి? నేటి వాడుక రేపు మారదా? పిల్లలు పాతభాషకు దూరమయితే భారతాన్ని చదివేదెవరు? ఈ ప్రశ్నలలో మొదటిదానికి కోస్తా జిల్లాల వాడుకే ప్రమాణమన్న జవాబు ఆచరణలో నిలిచింది. దానివలన ఇతర ప్రాంతాలవారికి కలిగిన అసంతృప్తి తరువాతి దశాబ్దాలలో బయటపడింది.

మద్రాసు విశ్వవిద్యాలయం ఈ విషయాన్ని తేల్చటానికి ఉపసంఘం వేసింది. అందులో సభ్యుడైన గురజాడ 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించాడు. అంతకు ముందు సంవత్సరమే రామమూర్తి ఆధునిక తెలుగును గురించి ఆంగ్లంలో విజ్ఞాపన పత్రం ప్రచురించాడు. ఫలితం లేకపోయింది. విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే మొగ్గింది, 1914 ప్రాంతంలో ప్రభుత్వం కూడ వెనకడుగు వేసింది. రెండేళ్ళు వాడుక భాషలో వ్రాయవచ్చునన్న విద్యార్థులకు మళ్ళీ అరసున్నలు తప్పలేదు. మరుసటి సంవత్సరం గురజాడ కన్నుమూశాడు. రామమూర్తి పక్కన నిలిచిన అతి పెద్ద రచయిత పోయాడు.

తప్పుల పట్టిక

ఓడిన తరువాత రామమూర్తి చేసిన పనే ఆయన పరిశోధనా పద్ధతిని స్పష్టంగా చూపుతుంది. ఆయన రాద్ధాంతం చేయలేదు, సాక్ష్యాలు కూడగట్టాడు. విద్యార్థి తప్పులు వ్రాస్తున్నాడంటే అది అతని మందబుద్ధి వలన అని ఉపాధ్యాయులు అనటం మామూలు. అదే తప్పును ఉపాధ్యాయుడు కూడ చేస్తే? గ్రాంథికాన్ని సమర్థిస్తూ పండితులు వ్రాసిన వ్యాసాలను, వారి పాఠ్యపుస్తకాలను రామమూర్తి తీసుకొని, వారు ప్రమాణంగా చెప్పే వ్యాకరణం ప్రకారమే వాటిలోని దోషాలను ఏరి చూపాడు. చిన్నయసూరి వచనమూ ఈ పరీక్షకు గురయింది. జీవితమంతా ఆ భాషలోనే గడిపినవారికే అది పట్టుబడనప్పుడు పదిహేనేళ్ళ పిల్లవాడికి పట్టుబడాలనటం అన్యాయమని ఇంతకంటె గట్టిగా నిరూపించటం కష్టం.

ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం ఈ తరహా రచన. పేరులోనే వ్యంగ్యం ఉన్నది. బాలకవి శరణ్యంలో బాలవ్యాకరణ సూత్రాలకు విరుద్ధమైన ప్రయోగాలు మహాకవులలోనే ఉన్నాయని చూపించాడు. గద్యచింతామణిలో ప్రాచీన వచన రచనలను పరిశీలించి, కవిత్వానికి ఒక భాష వాడిన పూర్వులు వ్యవహార వచనానికి తమ కాలపు వాడుకనే వాడారని చూపించాడు. వాడుక వచనం కొత్తగా పుట్టిన వికారం కాదు, గ్రాంథిక వచనమే పంతొమ్మిదవ శతాబ్దపు కల్పన అన్నది దీని సారాంశం. శాసనాల గోడల దగ్గర నేర్చిన అలవాటు ఇక్కడ పనికి వచ్చింది.

ఈ రచనలు చదవటానికి సులభమైనవి కావు. ఉదాహరణ మీద ఉదాహరణ, పుట మీద పుట సాగుతుంది. ప్రత్యర్థిని వదలకుండా తరమటం వాటిలో కనబడుతుంది. ఉద్యమానికి ఆకర్షణ తెచ్చినది గురజాడ రచనలైతే, ఎదురు చెప్పలేని ఆధారాలు సమకూర్చినది గిడుగు పట్టికలు.

అధ్యాపకులు తమ బోధననే పరిశోధనాంశంగా తీసుకోవటం నేడు విశ్వవిద్యాలయాలలో ఒక గుర్తింపు పొందిన రంగం. బ్రిటన్‌లో లారెన్స్ స్టెన్‌హౌస్ 1975లో ఉపాధ్యాయుడే పరిశోధకుడు కావాలని ప్రతిపాదించాడు. అమెరికాలో ఎర్నెస్ట్ బాయర్ 1990లో కార్నెగీ సంస్థ పక్షాన వెలువరించిన నివేదికలో బోధన కూడ పాండిత్యంలో భాగమేనని వాదించాడు. రామమూర్తి కాలానికి ఈ పేర్లేవీ లేవు. ఆయనకు నియంత్రిత ప్రయోగాలుగానీ, గణాంకాలుగానీ లేవు. అయినా బోధన విఫలమయినప్పుడు విద్యార్థిని గాక బోధించే సరుకును, పద్ధతిని పరీక్షించటం, ఫలితాన్ని బహిరంగంగా ప్రచురించి తోటి అధ్యాపకుల విమర్శకు నిలబడటం అన్న లక్షణాలు ఆయన పనిలో ఉన్నాయి.

సమాజము, పత్రిక

ఉద్యోగ విరమణ తరువాత రామమూర్తి తెలుగు జిల్లాలన్నీ తిరిగాడు. కొవ్వూరులో జరిగిన పండిత సభలో గ్రాంథికంలోని దోషాలను, వాడుక భాష ప్రయోజనాన్ని సుదీర్ఘంగా వివరించాడు. పుస్తకాల మూటతో సభకు వచ్చి, ప్రశ్న వచ్చినప్పుడల్లా పుస్తకం తెరచి ప్రయోగం చూపటం ఆయన పద్ధతిగా చెబుతారు.

తొలుత గ్రాంథికం పక్షాన ఉన్న కందుకూరి వీరేశలింగం చివరి రోజులలో వాడుక భాషవైపు వచ్చాడు. 1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు వీరేశలింగం అధ్యక్షుడు, రామమూర్తి కార్యదర్శి. అదే సంవత్సరం మే 27న వీరేశలింగం మరణించాడు. చిన్నయసూరి మార్గంలో వచనం వ్రాసి పేరుతెచ్చుకున్న మనిషి అభిప్రాయం మార్చుకోవటం రామమూర్తి సాధించిన విజయాలలో గొప్పది.

1919లోనే రామమూర్తి తెలుగు అనే మాసపత్రిక ప్రారంభించాడు. అది ఒక సంవత్సరమే నడిచింది. 1924లో ఆంధ్రసాహిత్య పరిషత్తు వాడుక భాషపై తన నిషేధాన్ని ఎత్తివేసింది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి వంటి కవులు ఈ వైపు వచ్చారు. పర్లాకిమిడిలో రామమూర్తి శిష్యుడైన తాపీ ధర్మారావు జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపి, పత్రికల భాషకు దారి చూపాడు. అధ్యాపకుడి వాదం విశ్వవిద్యాలయాన్ని ఒప్పించలేకపోయినా, శిష్యుడి చేతిమీదుగా పాఠకులను చేరింది. 1933లో రాజమహేంద్రవరంలో రామమూర్తికి సప్తతి మహోత్సవం జరిపి, దేశవిదేశాల పండితుల వ్యాసాలతో సంపుటం సమర్పించారు. ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. బిరుదు ఇచ్చిన విశ్వవిద్యాలయం పరీక్షలలో మాత్రం అప్పటికి గ్రాంథికానిదే రాజ్యం.

పర్లాకిమిడి వియోగము

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయింది. పర్లాకిమిడి పట్టణం, జమీందారీలో కొంత భాగం అందులో చేరాయి. మహారాజా కృష్ణచంద్ర గజపతి ఒరిస్సా పక్షాన పట్టుదలగా కృషిచేశాడు. తెలుగువారు అధికసంఖ్యలో ఉన్న పట్టణాన్ని ఒరిస్సాలో చేర్చటాన్ని రామమూర్తి వ్యతిరేకించాడు. ప్రయోజనం లేకపోయింది. కొత్త రాష్ట్రం ఆరంభమయ్యే వేళ అక్కడ ఉండటానికి ఇష్టపడక, యాభై ఆరేళ్ళు గడిపిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నాడు. జీవితపు చివరి నాలుగేళ్ళు ఆ ఊరికి దూరంగానే గడిచాయి. 1940 జనవరి 22న మరణించాడు. ఆ నెలలోనే, మద్రాసులో, వాడుక భాషను ప్రభుత్వం, విశ్వవిద్యాలయాలు అంగీకరించవలసి ఉన్నదని పత్రికల వారికి తన తుది విన్నపం చేశాడు.

మరణానంతరము

స్వాతంత్ర్యానంతరం పత్రికలు, రేడియో, సినిమా వాడుక భాషను స్థిరపరచాయి. విశ్వవిద్యాలయాలు అందరికంటె వెనుక వచ్చాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల పాఠ్యపుస్తకాలను ఆధునిక భాషలో ప్రచురించటంతో పరిస్థితి మారింది. పరిశోధన గ్రంథాలకు, పరీక్షలకు వాడుక భాషను విశ్వవిద్యాలయాలు అంగీకరించేసరికి రామమూర్తి పోయి మూడు దశాబ్దాలు గడిచాయి.

సవరల చదువు అంతకంటె ఆలస్యమయింది. 1936లో, రామమూర్తి పర్లాకిమిడి విడిచిన సంవత్సరమే, మంగేయి గొమాంగో సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించాడు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 ప్రాంతంలో గిరిజన ప్రాంతాల బడులలో మాతృభాషల ద్వారా ప్రాథమిక విద్యను ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టినప్పుడు, ఎంపిక చేసిన ఎనిమిది భాషలలో సవర ఒకటి. తెలుగు లిపిలో అచ్చయిన ఆ వాచకాలను సవర గ్రామాలలో పిల్లల చేతికి ఇచ్చారు.